గాలిమర దెబ్బ

మా ఇంట్లో ఎవరైనా తిక్కతిక్కగా మాట్లాడితే "నీకు గాలిమర దెబ్బ తగిలిందా?" అంటుంది మా అమ్మాయి. అది దాని తొమ్మిదేళ్ళ బుర్రలో పుట్టిన మాట కాదు. ఇక్కడ నెదర్లాండ్స్‌లో బుర్ర సరిగా లేనివాణ్ణి మర దెబ్బ తగిలినవాడు అంటారు. తిరిగే రెక్క తలకి తగిలితే ఇంకేముంటుంది! ఇది దాన్ని తెలుగులోకి దించేసి వాళ్ళ నాన్న మీద, తమ్ముడి మీద ఇష్టమొచ్చినట్టు వాడుతోంది. పోయిన వేసవిలో మా నాన్న వచ్చినప్పుడు మొదటి రోజే ఆయన మీదా వాడింది. ఆయన కంగారుగా నావైపు చూసి, "గాలి సోకిందా? ఎవరికి?" అన్నారు.

ఈ గాలికీ ఆ గాలికీ తేడా చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. మర అంటే ఏంటో అమ్మాయికి చెప్పడానికి ఇంకో పావుగంట. గాలిమర అనే మాట నేనే నేర్పాను, కానీ అందులో మర ఒకటి విడిగా ఉందని దానికి తెలీదు. పిండిమర, వడ్లమర, మరమేకు, మరమనిషి అని వరసగా చెప్పాను. మరమనిషి ఒక్కటే నచ్చింది. నాన్న అందుకుని, ఊళ్ళో పిండిమర ముందు డబ్బాలు వరసలో పెట్టి వేపచెట్టు కింద కూర్చోవడం, ఎవరి డబ్బా ముందుంటే వాళ్ళ పిండి ముందు ఆడటం, మధ్యలో కరెంటు పోతే అందరూ తిట్టుకోవడం చెప్పుకొచ్చారు. అమ్మాయి వెంటనే డచ్‌లో ఏదో అంది. ముందొచ్చినవాడే ముందు ఆడించుకుంటాడు అని ఇక్కడి సామెత. దుకాణాల్లో, క్యూల్లో నేను ఎన్నో ఏళ్ళుగా వింటున్నదే. అందులో మర ఉందని నాకూ ఆ రోజుదాకా తట్టలేదు.

ఇండియా నుంచి ఎవరొచ్చినా గాలిమరలు చూపించాల్సిందే. మాకైతే ఇన్నాళ్ళూ అది జాన్స స్ఖాన్స్. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి కాసేపటి రైలు ప్రయాణం. ఆ "స్ఖ" గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు పలకాలట, పిల్లలు నన్ను ఇప్పటికీ దిద్దుతుంటారు. మా అత్తగారితో, ఆడపడుచు కుటుంబంతో, మా ఆయన స్నేహితులతో కలిపి ఐదుసార్లు వెళ్ళాం. నాన్నకి అక్కడ డె జూకర్ అనే నూనెమర చూపించాలని నాకు ఆశ. అవిసె గింజల్ని నిలువు రాతిచక్రాల కింద నలిపి, వెచ్చచేసి, బరువైన దుంగలతో మోది నూనె పిండుతుంది. అచ్చం మన గానుగే, ఎద్దు బదులు గాలి. కానీ పిల్లలిద్దరూ ఆరోసారి రామని మొండికేశారు. పైగా అమ్మాయి స్కూల్లో ఒక్కొక్కరూ ఏదో ఒక విషయం మీద పావుగంట మాట్లాడాలి, అది కిండర్‌డైక్ అనే గాలిమరల ఊరిని ఎంచుకుంది. తాతయ్యకి ముందుగా అప్పజెప్పుకుంటానంది. సరేనన్నాం.

రోటర్‌డామ్‌లో ఎరాస్ముస్ వంతెన దగ్గర వాటర్‌బస్ ఎక్కాం. నాన్న పడవలో కూడా నీళ్ళనే చూస్తూ కూర్చున్నారు, ఆ ఎత్తైన భవనాలు పట్టించుకోలేదు. "మాకు డచ్చివాళ్ళంటే బందర్లో సమాధులే తెలుసు" అన్నారొకసారి.

దిగాక నాకు టెన్షన్ మొదలైంది. బాటకి రెండువైపులా కాలవలు, నిండుగా నీళ్ళు, పక్కన ఒక్క కమ్మీ లేదు. ఈ దేశంలో అంతే, నీళ్ళకి అడ్డం కట్టరు, పిల్లలకి ఈత నేర్పిస్తారు. ఏ డిప్లొమా, బి డిప్లొమా, సి డిప్లొమా. ఏ పరీక్షలోనే బట్టలతో ఈదాలి, నీళ్ళ అడుగున వేలాడదీసిన గుడ్డకి ఉన్న కన్నంలోంచి దూరి బయటికి రావాలి. అది చూసిన రోజు ఒడ్డున కూర్చుని నేను ఊపిరి బిగబట్టాను, మా అబ్బాయి నీళ్ళలో హాయిగా ఉన్నాడు. ఇప్పుడు కూడా చెయ్యి పట్టుకోబోతే అమ్మాయి విదిలించుకుంది. "అమ్మా, నాకు సి ఉంది. నీకేం లేదు."

నిజమే. కాలవల ఊళ్ళో పుట్టి కూడా నాకు ఈత రాదు. ఎందుకు నేర్పించలేదో మా ఇంట్లో ఎవరూ అడిగేవారు కాదు.

మరలు పంతొమ్మిది. ఒకవైపు 1738లో కట్టిన ఎనిమిది గుండ్రటి ఇటుక మరలు, ఎదురుగా 1740లో కట్టిన ఎనిమిది, ఇవి ఎనిమిది పలకలుగా ఉండి రెల్లు కప్పుకున్నవి, మిగతావి కాస్త ఎడంగా. 1997లో యునెస్కో జాబితాలో చేరాయి. చాలావాటిలో ఇప్పటికీ కుటుంబాలు కాపురముంటున్నాయి, మరను నడపడం కూడా వాళ్ళ పనే. ఒక మర వెనక తీగ మీద చిన్న పిల్లల బట్టలు ఆరేసి ఉన్నాయి. ముందు రెక్కలు గడ్డిని తాకుతాయా అన్నంత కిందికి వచ్చి గాలిని కోస్తూ పైకి పోతున్నాయి. దెబ్బ సామెత ఎందుకు పుట్టిందో నాన్నకి చెప్పక్కర్లేకపోయింది.

ఆగి ఉన్న ఒక మరని చూపించి అమ్మాయి తన మొదటి పాఠం అప్పజెప్పింది. రెక్క నిట్టనిలువుకి రాకుండా కాస్త ముందే ఆపితే ఆ ఇంట్లో శుభకార్యం. నిలువు దాటించి ఆపితే చావు. ఎక్స్ ఆకారంలో ఉంటే పని లేక విశ్రాంతి. 2014 జులైలో ఉక్రెయిన్ మీద విమానం కూల్చేస్తే 298 మంది పోయారు, అందులో ఎక్కువమంది ఈ దేశం వాళ్ళే. అప్పుడు దేశంలో ఎన్నో మరలు ఆ చావు భంగిమలో నిలబడ్డాయి. మేం వచ్చిన కొత్త. ఊరి మర ముందు నిలబడి పళ్ళన్నీ కనబడేలా ఫొటో దిగి నాన్నకి పంపాను. రెక్క నిలువు దాటి ఉంది. ఆ ఫొటో ఇప్పటికీ ఉంది, అమ్మాయి తన పాఠంలో పెడతానంటే వద్దని బతిమాలుకున్నాను.

నాన్న మరల వైపు పెద్దగా చూడటం లేదు. కట్ట దిగి, చేలవైపు పోయి, అక్కణ్ణుంచి కాలవని చూసి, మళ్ళీ కట్ట ఎక్కారు. "అమ్మాయ్, కాలవ మీదుంది, చేను కిందుంది. ఇదేం ఊరు?"

అక్కణ్ణుంచి నా పని అయిపోయింది. మ్యూజియంగా ఉంచిన మరలో ఒక పెద్దాయన ఉన్నారు, మర నడిపే వాలంటీరు. ఆయన డచ్‌లో చెప్పడం, అమ్మాయి తెలుగులో చెప్పడం, నాన్న అడగడం, అమ్మాయి మళ్ళీ డచ్‌లోకి. ఈ నేల పీట్ నేల, అంటే కుళ్ళిన మొక్కలు వేల ఏళ్ళు పేరుకున్న మెత్తటి నేల. నీళ్ళు తీసేసి సాగు చేసేకొద్దీ ఎండి కుంగుతూ పోయింది. మొదట్లో మురుగు దానంతటదే నదిలోకి పారేది, నేల కుంగాక పారడం మానేసింది. అప్పుడు మరలు కట్టారు. మర తిరిగితే తెడ్ల చక్రం తిరిగి, కింది కాలవలోని నీటిని పై చెరువులోకి ఎత్తిపోస్తుంది. అక్కణ్ణుంచి నదిలోకి వదలాలి. ఎప్పుడు వదులుతారని నాన్న అడిగారు. అమ్మాయి ఆయన్ని అడిగి వచ్చి, "నది నీళ్ళు కిందకి వెళ్ళినప్పుడు. సముద్రం... రోజూ పైకి వస్తుంది, కిందకి పోతుంది కదా, అదీ" అని చేతులతో చూపించింది.

"పోటూ పాటూ" అన్నారు నాన్న. "పాటు వచ్చినప్పుడు లాకులు ఎత్తుతారు, అంతేగా? మన దగ్గరా అంతే. పోటులో మురుగు ఎగదన్నుతుంది, చేలు మునుగుతాయి." ముప్పై ఏళ్ళపాటు కోడూరు దగ్గర మురుగు కాలవ పక్కన వరి వేసిన మనిషి. నారు కుళ్ళిన సంవత్సరాలు ఆయనకి ఇప్పటికీ వేళ్ళమీద ఉన్నాయి. ఆ పెద్దాయనకి ఇది డచ్‌లో చేరేసరికి ఆయన నాన్న భుజం తట్టి లోపలికి తీసుకెళ్ళారు. చక్రాల చెక్క పళ్ళకి తేనెమైనం రాస్తారట, రెక్కల ఇరుసుకి పందికొవ్వు. నాన్న ఆ పంటి మీద వేలు రాసి, వాసన చూసి, "కందెన" అని అమ్మాయికి నేర్పించారు. బండి ఇరుసు లేని దేశంలో ఆ మాట దానికి ఎక్కడ తగులుతుంది! ఇప్పుడు సైకిల్ చైనుకి నూనె వెయ్యమనడానికి కూడా "కందెన కావాలి" అంటోంది. ఏడేళ్ళుగా ఆదివారం తెలుగు క్లాసుకి ఫీజు కడుతున్నది నేను.

ఈ నీళ్ళు తోడే ఖర్చు ఎవరు పెట్టుకుంటారని అడిగారు నాన్న. మేమే అన్నాను. ఇక్కడ నీటి బోర్డులకి వేరే పన్ను ఉంది, వాటికి విడిగా ఎన్నికలు కూడా. ఇప్పుడు పంపులు తోడుతున్నాయి, రెండో ప్రపంచ యుద్ధంలో ఇంధనం దొరక్క మళ్ళీ ఈ మరల్నే తిప్పారు. ఆయన నవ్వేశారు. "మేం నీళ్ళు రావాలని నీటితీరువా కడితే, మీరు రాకూడదని కడతారా!"

బయట గడ్డి మీద కూర్చుని పులిహోర డబ్బా తీశాం. అమ్మాయి కాగితం చూసి చివరి పాఠం మొదలుపెట్టింది. కిండర్‌డైక్ అంటే పిల్లల కట్ట. ("కరకట్ట" అని నాన్న దిద్దారు.) ఒక రాత్రి పెద్ద తుఫాను వచ్చి కట్టలు తెగాయి, ఊళ్ళకి ఊళ్ళు మునిగాయి. తెల్లారాక నీళ్ళ మీద ఒక ఉయ్యాల తొట్టి తేలుతూ వచ్చింది. అందులో పసిపాప. తొట్టి ఒకవైపు ఒరిగితే ఒక పిల్లి రెండోవైపుకి దూకుతోంది, మళ్ళీ ఇటు ఒరిగితే అటు. పాపకి నీళ్ళు తగలకుండా అలా ఒడ్డుకి చేర్చింది. పిల్లి సంగతి కథేనని, వరద మాత్రం నిజమని చెప్పి, తేదీ చదివింది. 1421 నవంబరు 18 రాత్రి, తెల్లవారితే 19.

నాన్న ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగారు. "ఎంత?"

"19, తాతయ్యా. సెయింట్ ఎలిజబెత్ పండగ రోజు. అందుకే వరదకి ఆ పేరు."

దివిసీమలో పుట్టినవాళ్ళకి ఆ తేదీ గురించి చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19, శనివారం. మా నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ ఏటా ఆ రోజు మా ఇంట్లో సాయంత్రందాకా పొయ్యి వెలిగించేది కాదు. నాకు ఒక మేనత్త ఉండేదని తెలుసు, ఫొటో కూడా లేదు. అప్పటికి నాన్నకి పద్నాలుగేళ్ళు. ఉప్పెన గురించి ఆయన నోటి వెంట నేను పూర్తిగా ఒక వాక్యం విన్నది లేదు. అడగకూడదని ఎవరూ చెప్పకుండానే తెలుసుకున్నాను.

మా వాడికి ఐదేళ్ళు. వాడికి అదేం తెలీదు. "తాతయ్యా, మీ ఊళ్ళో కూడా నీళ్ళొచ్చాయా? మీకూ పిల్లి ఉందా?"

నేను వాణ్ణి ఆపబోయాను. నాన్న డబ్బా కింద పెట్టారు.

"పిల్లి లేదురా నాన్నా. గేదె ఉంది."

తాడు తెంచుకుని ఈదిందట. ఆయన తోక పట్టుకున్నారట. చీకట్లో ఎటు పోతోందో తెలీదు, అదే పోయింది. తాటిచెట్టు తగిలితే తోక వదిలేసి చెట్టు పట్టుకున్నారు. తెల్లారి చూస్తే గేదె కనబడలేదు. అంతే చెప్పారు. చెల్లెలి మాట రాలేదు. పిల్లలూ అడగలేదు, గేదె ఎంత పొడుగుంటుందనే దానిమీదే పడ్డారు. నేను వాటర్‌బస్ టైము చూస్తున్నట్టు ఫోను తీశాను.

నాన్న ఆగస్టులో వెళ్ళిపోయారు. అమ్మాయి సెప్టెంబరులో క్లాసులో మాట్లాడింది. పిల్లి బొమ్మ పక్కనే ఒక గేదె బొమ్మ వేసుకుని వెళ్ళింది. దాని కొమ్ములు ఆవు కొమ్ముల్లా ఉన్నాయి, నేను దిద్దలేదు. సాయంత్రం ఇంటికి రాగానే బ్యాగు కూడా దించకుండా తాతయ్యకి వీడియో కాల్ చెయ్యమంది. క్లాసులో చాలా ప్రశ్నలు అడిగారట, ఒకదానికి మాత్రం జవాబు చెప్పలేకపోయిందట.

"తాతయ్యా, గేదె పేరేంటి?"

నాన్న కాసేపు ఆలోచించి, వంటింటి వైపు తల తిప్పారు. "ఏమే, మా ఇంట్లో ఆ చుట్టుకొమ్ముల గేదె... అమ్మ దాన్నేమని పిలిచేది?"

"ఏ గేదె?" అంది అమ్మ లోపల్నించి. "నేనెక్కడ చూశాను, నాకప్పటికి మీరే తెలీదు."