గండి కొట్టే ఉద్యోగం

శాన్‌ఫ్రాన్సిస్కోలో విమానం దిగబోతుంటే కింద ఎర్రగా, నారింజ రంగులో మళ్లు కనిపిస్తాయి. కొత్తగా వచ్చిన మనవాళ్లు వెంటనే ఫోన్లు తీస్తారు. అవి ఉప్పు మళ్లు. ఆ రంగు ఉప్పును తట్టుకుని బతికే నాచుది, సూక్ష్మజీవులది. సివిల్ ఇంజినీరుగా ఇక్కడ చేరినప్పుడు వంతెనల పని ఇస్తారనుకున్నాను. ఇచ్చింది ఆ మళ్ల గట్లకు ఎక్కడ గండి కొట్టాలో లెక్కలు వేసే పని.

ఉప్పు కోసం, ఊళ్ల కోసం గట్లు కట్టీ కట్టీ ఇక్కడ శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టూ పోటు బాడవల్లో, అంటే సముద్రపు పోటు నీరు వచ్చిపోయే చిత్తడి నేలల్లో, 80 శాతానికి పైగా పోగొట్టుకున్నారు. 2003లో ప్రభుత్వాలు, కొన్ని దాతృత్వ సంస్థలు కలిసి ఉప్పు తీసే కార్గిల్ అనే కంపెనీ నుంచి 16,500 ఎకరాలు 10 కోట్ల డాలర్లకు కొన్నాయి. అందులో దక్షిణ అఖాతం వైపున్న 15,100 ఎకరాల బాగుకు, అంటే గట్లు తెంచి చాలా మళ్లను మళ్లీ బాడవలు చేయడానికి, వేసుకున్న ప్రణాళిక 50 ఏళ్లది. నేను రిటైరయ్యాక కూడా సాగుతుంది.

గట్టు తెంచడం పొక్లెయిన్‌కి ఎంతసేపు పని? అసలు తంటా నేల ఎత్తుతోనే. ఒకప్పుడు తోటలకు బోర్లు వేసి తోడేయడంతో శాన్ హోజేలో కొన్నిచోట్ల నేల 13 అడుగుల దాకా కుంగింది. ఆ ఊరి చివర అఖాతం ఒడ్డునున్న ఆల్విసో వైపు మళ్లూ పల్లమైపోయాయి. అంత లోతు నీళ్లలో బాడవ మొక్క మొలవదు. పోటు తెచ్చే ఒండ్రు పేరుకుని నేల లేచేదాకా ఆగాలి. అన్ని మళ్లూ తెరిచేయడానికీ లేదు, నిలవ నీటిలో మేతకు అలవాటుపడ్డ పక్షుల కోసం కొన్ని అలాగే ఉంచాలి. పైగా న్యూ అల్మడెన్ పాత గని నుంచి కొట్టుకొచ్చిన పాదరసం బురదలో ఉంది. అందుకే ఒక మడికి గండి కాకుండా తలుపులు పెట్టి, చేపల్లో, పక్షి గుడ్లలో పాదరసం చూసుకుంటూ మెల్లగా తెరిచారు.

ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా గూళ్ల కాలం, చాలాచోట్ల యంత్రం కదలదు. మిగతా నెలల్లోనే పరుగులు. అప్పుడూ యంత్రం ముందు ఒక బయాలజిస్టు నడుస్తుంది. ఈ అఖాతం చుట్టూ తప్ప ఎక్కడా లేని బుల్లి ఎలుక ఒకటుంది, అది కనిపిస్తే ఆమె చెయ్యెత్తుతుంది. ఇక అంతా బంద్. గంటకింత అని అద్దె తెచ్చిన యంత్రం ఎలుక కోసం ఆగడం మొదట్లో నాకు టెన్షన్‌గా ఉండేది. కాంట్రాక్టరు మాత్రం కాఫీ తాగుతూ కూర్చునేవాడు, ఆ ఆగడం అతని రేటులోనే ఉంది.

మాది కైకలూరు వైపు. 2006లో ఇక్కడ ఆల్విసో దగ్గర మూడు మళ్లకు గండ్లు కొట్టారు. అదే ఏడాది కొల్లేట్లో చేపల చెరువుల గట్లు పేల్చారు. మా మేనమామ చెరువూ అందులో పోయింది. నా పని గురించి చెబితే ఫోన్లో నవ్వాడు.

"గట్లు కొట్టడానికి నీకు డాలర్లిస్తున్నారట్రా?"

"కొట్టే ముందు కొన్నారు మామయ్యా."

"మరి అదీ తేడా. మాకూ లెక్క కట్టి చేతిలో పెడితే పలుగు నేనే తెచ్చేవాణ్ణి."

ఇది పూర్తిగా సరైన పోలిక కాదు. ఇక్కడ అమ్మింది ఒక కంపెనీ. అక్కడ వందల కుటుంబాలు, సరస్సు హద్దు ఎక్కడిదాకా అన్న ఐదో కాంటూరు తగాదా, పట్టాల గొడవ. పగిలిన గట్లలో చాలావాటిని తర్వాత మళ్లీ పోసుకున్నారు కూడా. అయినా ఆయన మాట కొట్టిపారేయలేను. మా బడ్జెట్‌లో గండి ఖర్చు చిన్నది. భూమి, మట్టి, వెనక ఊళ్లు మునగకుండా కట్టే కొత్త కట్టలు, ఏళ్ల తరబడి కొలతలు, డబ్బంతా వాటికే.

ఆ డబ్బులో కొంత మనవాళ్లదీ ఉంది. 2016లో ఓటర్లు ఒప్పుకున్న పన్ను ప్రకారం, అఖాతం చుట్టూ తొమ్మిది కౌంటీల్లో ఒక్కో స్థలానికి ఏడాదికి 12 డాలర్లు, 20 ఏళ్లపాటు. ఫ్రీమాంట్‌లో ఇల్లు కొన్న మా ఫ్రెండ్స్‌ని అడిగితే ఎవరికీ తెలియదు. ఒకడు పన్ను బిల్లు తెరిచి వెతికి, "ఇదేనా నీ జీతం?" అన్నాడు. కొంత అదేనన్నాను.