మా ఫుట్‌బాల్ క్లబ్బు మూయడానికి పట్టిన పది నెలలు: నా అనుభవం

నిన్న మధ్యాహ్నం మూడున్నరకి బ్యాంకులో మా క్లబ్బు ఖాతా మూతపడింది. పాస్‌బుక్ మీద అడ్డంగా గీత గీసి, ముద్ర కొట్టి చేతిలో పెట్టారు. బయటికొచ్చి బందరు రోడ్డు మీద చెరుకురసం తాగి, ఇంటికొచ్చి ఇది రాస్తున్నా. కోపం చల్లారాక రాద్దామంటే సగం మర్చిపోతాను.

క్లబ్బు పేరు మాత్రం రాయను. ఎందుకో మధ్యలో మీకే తెలుస్తుంది.

2016లో మొదలుపెట్టాం. విజయవాడ సింగ్‌నగర్ చుట్టుపక్కల అమ్మాయిలం ఏడుగురం. డిగ్రీలో ఉన్నన్నాళ్లూ కాలేజీ టీముకి ఆడాం. డిగ్రీ అయిపోయింది, ఆటా అయిపోయింది. మగపిల్లలకైతే పేటకో టీము ఉంటుంది, మాకేముంది? 2001 నాటి సొసైటీల చట్టం కింద సంఘం పెట్టడానికి ఏడుగురు కావాలన్నారు. మేం సరిగ్గా ఏడుగురమే. బైలా (సంఘం నియమాల పుస్తకం) రాయడం ఎవరికీ రాక, తెలిసినాయన దగ్గర ఏదో యువజన సంఘానిది ఉంటే తెచ్చి, పేరు మార్చి అచ్చేయించాం. అందులో ఏముందో ఒక్కరమూ చదవలేదు. రిజిస్ట్రేషన్ చిటికెలో అయిపోయింది. ఆ చదవకపోవడమే తర్వాత మా కొంప ముంచింది. కాపీ కొట్టండి, తప్పులేదు. కొట్టేముందు మాత్రం చదవండి.

2017లో ఢిల్లీలో ఇండియన్ విమెన్స్ లీగ్ మొదటిసారి జరిగింది. మాకు ఎక్కడలేని ఊపొచ్చింది. అంతకుముందు మన దేశంలో ఆడవాళ్ల ఫుట్‌బాల్ లేదనుకోకండి. 1980లో కోళికోడ్‌లో జరిగిన ఆసియా పోటీల్లో మనవాళ్లు ఫైనల్ దాకా వెళ్లారు. ఈ సంగతి క్లబ్బుకి కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకీ చెప్పేదాన్ని. ఒక్కరు కూడా నమ్మేవాళ్లు కాదు.

పొద్దున్నే ఐదున్నరకి గ్రౌండులో ఉండాలి. ఆరున్నర దాటితే క్రికెట్ పిల్లలు వికెట్లు పాతేస్తారు, వాకింగ్ అంకుల్స్ గోల్ మధ్యలోంచి నడుస్తారు. గోల్ పోస్టులు ఆటోనగర్‌లో వెల్డింగ్ చేయించాం. ఇరవై నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు అని చెబితే ఆయన కొలత రెండుసార్లు అడిగి, "ఆడపిల్లలకి ఇంత పెద్దదెందుకమ్మా, చిన్నది చేస్తా, ఖర్చు కలిసొస్తుంది" అన్నాడు. మగవాళ్లకైనా ఆడవాళ్లకైనా కొలత ఒకటేనని చెప్పి, అంతే కొలతకి చేయించుకున్నాం. రెండేళ్లకి ముప్పై మంది పిల్లలు వచ్చేవాళ్లు. సర్వసభ్య జాబితాలో పదిహేనుమందిమి. అనంతపురం వెళ్లి ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) గ్రౌండు చూసినప్పుడు, అలాంటి పచ్చగడ్డి మీద ఆడటం అదే మొదటిసారి కావడంతో, మా గోల్‌కీపర్ బూట్లు విప్పి ముందు కాసేపు ఊరికే నడిచింది. 2018లో ఒక మ్యాచ్‌లో నేను పాతిక గజాల దూరం నుంచి ఫ్రీకిక్ కొడితే గోడలా నిలబడ్డవాళ్ల మీదుగా వెళ్లి పైమూలలో దిగింది. క్లబ్బు మూతపడినా సరే, ఆ గోల్ గురించి చెప్పడం మానను.

తగ్గడం ఎప్పుడు మొదలైందంటే చెప్పలేను. 2020 మార్చిలో లాక్‌డౌన్. తర్వాత వరసగా పెళ్లిళ్లు. 2022 అక్టోబరులో అండర్ 17 అమ్మాయిల ప్రపంచ కప్పు మన దేశంలోనే జరిగితే, ట్రెజరర్ అక్క ఇంట్లో టీవీ ముందు ఆరుగురం కూర్చున్నాం. భువనేశ్వర్‌లో మన పిల్లలు అమెరికా చేతిలో 8-0తో ఓడిపోతుంటే, చంకలో బిడ్డతో ఉన్న మా సెంటర్‌బ్యాక్, "లైన్ పైకి తీసుకెళ్లండే!" అని అరుస్తోంది. 2023 జూన్‌లో కేరళ బ్లాస్టర్స్ అనే పెద్ద క్లబ్బువాళ్లు తమ మహిళల టీముని ఆపేశారు. మగవాళ్ల టీము విషయంలో దేశ ఫుట్‌బాల్ సమాఖ్య వేసిన నాలుగు కోట్ల జరిమానా దానికి కారణం. తప్పు ఎవరిదో, కోత పడిందెవరికో చూడండి. "అంత డబ్బున్నోళ్లే మూసేశారు, మనమెంతే" అంది అక్క.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి వరద వచ్చింది. బంతులు, బిబ్‌లు (టీములు వేరుగా తెలియడానికి పైన వేసుకునే జాకెట్లు), మినిట్స్ పుస్తకం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అన్నీ మా ఇంటి కింది గదిలో నాలుగు రోజులు నీళ్లలో నానాయి. బంతులు తేలాయి, కాగితాలు తేల్లేదు. ఆ సంక్రాంతికి అందరం ఫోన్లో మాట్లాడుకుని మూసేద్దామనుకున్నాం. ఊరికే వదిలేయొచ్చుగా అని మీరడగొచ్చు. ఖాతాలో డబ్బుంది, పాన్ కార్డుంది, కింద మా సంతకాలున్నాయి. రేపు ఎవడో ఆ పేరు వాడుకుంటే సెక్రెటరీగా నా మెడకి చుట్టుకుంటుంది.

మొదటిసారి సంఘాల రిజిస్ట్రేషన్ చూసే ఆఫీసుకి వెళ్తే (ఏ ఊళ్లోదో ఎందుకు, ఇంకా ఆ దారినే వెళ్లాలి) గుమస్తా రికార్డు తీయించి చూసి, "ఐదేళ్లుగా కమిటీ జాబితా ఇవ్వలేదు. మీ కమిటీయే లేదు. లేని కమిటీ సంఘాన్ని ఎలా మూస్తుంది?" అన్నాడు. నిజమే, ప్రతి ఏడూ జాబితా ఇవ్వాలి. మాకు తెలీదు. అంటే చావాలంటే ముందు ఐదేళ్లుగా బతికే ఉన్నట్టు కాగితాలు పెట్టాలి. నానిన మినిట్స్ పుస్తకాన్ని పేజీకో న్యూస్‌పేపర్ పెట్టి, ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి, చదవగలిగినవన్నీ టైపు చేయించి, జాబితాలు ఇచ్చి, ఆలస్య రుసుము కట్టాను. దీనికి రెండు నెలలు. సర్టిఫికెట్‌కి సర్టిఫైడ్ కాపీ తీసుకున్నా, అది సులభమే.

తర్వాత బైలా చదివాను, తొమ్మిదేళ్ల తర్వాత మొదటిసారి. మూయాలంటే విశేష సర్వసభ్య సమావేశం పెట్టాలట. 21 రోజుల ముందు ప్రతి సభ్యురాలికీ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాలట. ఐదింట మూడొంతులమంది ఒప్పుకోవాలట. అంటే పదిహేనులో తొమ్మిదిమంది. పంపాను.

ఒకమ్మాయి అత్తారింట్లో తను ఫుట్‌బాల్ ఆడేదని చెప్పలేదు. ఆ సంగతి నాకు తెలీదు. రిజిస్టర్డ్ పోస్టు, మీద స్టాంపు, లోపల 'విశేష సమావేశము', 'తీర్మానము' అని ఉండేసరికి ఆ అత్తగారు కోర్టు నోటీసనుకుని పక్కింటాయనతో చదివించారు. రాత్రి తొమ్మిదికి ఫోను. "అక్కా, ఒక్క మాట ముందు చెప్పుంటే పోయేదిగా" అని ఏడుపు. సమావేశానికి వచ్చింది, సంతకం పెట్టింది. మర్నాటి నుంచి నా ఫోను ఎత్తట్లేదు. క్లబ్బు పేరు అందుకే రాయట్లేదు. మీరు గనక నోటీసులు పంపాల్సి వస్తే ముందు ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి, ఏ అడ్రసుకి పంపమంటావని అడగండి. ఈ ఒక్క సలహా పాటించినా చాలు, మిగతావి మీ ఇష్టం.

పదకొండుమంది వచ్చారు. అందరూ ఒప్పుకున్నారు. హమ్మయ్య అనుకుని తీర్మానం, ఆధార్ కాపీలు పట్టుకుని మళ్లీ ఆ ఆఫీసుకి వెళ్లాను.

గుమస్తా పాత జాబితా ఒక చేత్తో, ఆధార్ కాపీలు ఇంకో చేత్తో పట్టుకుని ఒక్కో పేరూ పైకి చదవడం మొదలుపెట్టాడు. ఇంటిపేరు ఇక్కడొకటి, అక్కడొకటి. వచ్చిన పదకొండుమందిలో ఆరుగురు పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మార్చుకున్నారు. "వీళ్లు మీ సభ్యులేనని ఏంటి గ్యారంటీ? సభ్యుల పేర్లు వేరు, వీళ్లు వేరు" అన్నాడు. పెళ్లయిందండీ అన్నాను. "అయితే మ్యారేజ్ సర్టిఫికెట్లు తెండి. భర్తలతో కూడా ఒక సంతకం పెట్టించండి, రేపు గొడవల్లేకుండా." ఏ రూల్లో ఉందండీ అన్నాను. "రూల్ కాదమ్మా, నీ మంచికి చెప్తున్నా."

స్థలాల రిజిస్ట్రేషన్లకి వచ్చినవాళ్లు వెనక ఇరవైమంది ఉంటారు. "ఇంతకీ ఏం సంఘం?" అని ఒకాయన. గుమస్తా కాగితం పైకెత్తి, "ఫుట్‌బాల్. ఆడోళ్ల ఫుట్‌బాల్" అన్నాడు. ఆ 'ఆడోళ్ల' దగ్గర కాస్త ఆగాడు. నవ్వులు. "గోల్ కొట్టడం వచ్చా అమ్మా?" అని ఇంకెవరో. నేనేం చేశానో చెప్పనా? నేనూ నవ్వాను. పాతిక గజాల నుంచి కొట్టినదాన్ని, వాళ్లతో కలిసి పళ్లికిలించాను, నా కాగితం కదలాలని. ఆయన అన్న మాటలకంటే నా నవ్వే నన్ను ఇప్పటికీ కాలుస్తోంది.

మా కొత్త పిల్లలకి ఇంకో కథ కూడా చెప్పేదాన్ని. ఇంగ్లండులో ప్రెస్టన్ అనే ఊళ్లో ఫ్యాక్టరీ అమ్మాయిల టీము ఉండేది, డిక్ కెర్ లేడీస్. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లో వాళ్ల మ్యాచ్‌కి 53 వేలమంది వచ్చారు. సరిగ్గా ఏడాది కూడా తిరక్కుండా, ఈ ఆట ఆడవాళ్లకి తగదని అక్కడి ఫుట్‌బాల్ సంఘం తమ గ్రౌండ్లలో ఆడనివ్వకుండా నిషేధించింది. అయినా వాళ్లు దొరికిన చోటల్లా ఆడుతూ 1965 దాకా టీముని నిలబెట్టారు. ఆ రోజు బస్సులో ఇంటికొస్తూ అదే గుర్తొచ్చింది. వాళ్లని ఎవరో పెద్దమనుషులు కూర్చుని తీర్మానం చేసి ఆపాలని చూశారు. మమ్మల్ని ఎవరూ ఆపలేదు. ఆధార్ సెంటర్లో ఒక్కొక్కరం లైన్లో నిలబడి పేరు మార్చుకొచ్చాం. మగవాళ్ల క్లబ్బుకి ఈ సమస్య ఎప్పటికైనా వస్తుందా? నా సలహా అడిగితే పెళ్లయినా ఆధార్‌లో ఇంటిపేరు మార్చకండి. మా అమ్మ ఈ సలహా రాయొద్దంది.

నాలుగు నెలలు తిరిగాను. మ్యారేజ్ సర్టిఫికెట్ ఇద్దరికే ఉంది. మిగతావాళ్లది గుళ్లో పెళ్లి, ఆల్బమ్ తప్ప ఇంకేం లేదు. భర్త సంతకం గురించి నేను ఎవరినీ అడగలేదు, అడగను కూడా. చివరికి ఒకరోజు గుమస్తా సెలవు. కాగితాలు నేరుగా లోపలి మేడమ్ దగ్గరికి వెళ్లాయి. ఆవిడ ఫైలులోంచి తల కూడా ఎత్తకుండా, "పేరు మారినవాళ్లు తామే ఫలానా అని స్టాంపు పేపరు మీద అఫిడవిట్ ఇస్తే చాలు. తొమ్మిది సంతకాలు సరిపోతాయి. భర్తలు దేనికి?" అన్నారు. ఐదు నిమిషాలు. ఆడమనిషి గనక జాలిపడిందనుకోకండి, ఆవిడ నా మొహం కూడా చూడలేదు. పని తెలిసిన మనిషి, అంతే. నలుగురి అఫిడవిట్లు నోటరీ చేయించి ఇచ్చాను. ఆ వారంలో ఎక్‌నాలెడ్జ్‌మెంట్ వచ్చింది.

మిగతావి పెద్ద విషయాలు కావు. పాన్ రద్దుకి ఇన్‌కమ్ టాక్స్ వాళ్లకి ఉత్తరం. చివరి లెక్కలకి ఆడిటర్ (డబ్బు సంతకం అయ్యాకే ఇవ్వండి, ముందిస్తే ఫోనెత్తరు). సంఘం ఆస్తి సభ్యులు పంచుకోకూడదు, అలాంటి ఆశయాలే ఉన్న ఇంకో సంఘానికి ఇవ్వాలని బైలాలో ఉంది. గుంటూరులో అమ్మాయిలకి ఆటలు నేర్పే సంఘానికి ఖాతాలోని 11,640 రూపాయలు చెక్కు రాశాం. గోల్ పోస్టులు ట్రాలీ ఆటోలో పట్టకపోతే రంపంతో రెండు ముక్కలు చేయించి, వాళ్ల దగ్గర మళ్లీ అతికించుకోమన్నాం.

వాళ్లకిచ్చిన సామాన్ల జాబితాలో గోల్ నెట్లు రెండు అని ఉంది. వాళ్లకి ఒకటే చేరిందని ఇవాళ పొద్దున ఫోన్ చేశారు. రెండోది మా మేడ మీద ఉంది. వరద తర్వాత ఉతికి ఆరేస్తే, అమ్మ దాన్ని వడియాల మీద కాకులు వాలకుండా కప్పుతోంది. ఇవ్వనంటోంది.