పది అడుగుల గది: ఎక్కడి నుంచి ఎక్కడికి?

ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు పూర్తి చేసిన ఏడాది నేను సొంతంగా గీసిన మొదటి ప్లాను మా బాబాయి ఇంటిది. అందులో వెనకవైపు పడకగది వెడల్పు 10 అడుగులని రాశాను. తక్కిన గదులన్నిటికీ కొలత గీతను గోడ లోపలి అంచు నుంచి ఎదుటి గోడ లోపలి అంచు వరకు గీసి, ఈ ఒక్క గదికి మాత్రం గోడ మధ్య నుంచి గోడ మధ్యకు గీశాను. మేస్త్రీ ఆ గీత ఎక్కడ ఆగిందో చూసి, దాని ప్రకారమే ముగ్గు పోయించాడు. గోడలు 9 అంగుళాలవి కనుక ఒక్కోవైపు నాలుగున్నర అంగుళాలు పోయి గది 9 అడుగుల 3 అంగుళాలకు వచ్చింది. ప్లాస్టరింగ్ అయ్యాక మరో అంగుళం తగ్గింది. పిన్ని అనుకున్నట్టు మంచం, బీరువా ఒకే వరుసలో పట్టలేదు. మేస్త్రీ తప్పు ఇందులో ఏమీ లేదు, కాగితం చెప్పినట్టే ఆయన కట్టాడు. గీసినవాడు పక్కన నిలబడి వివరించే అవకాశం లేనిచోట కూడా ఒక్కో గీతకు ఒకే అర్థం రావాలన్న సంగతి నాకు ఆ గదిలో బోధపడింది. ఇల్లు కట్టుకోబోయేవారు తమ ప్లానును తామే చదువుకోగలగాలని నా కోరిక. అందుకే ఈ మాటలు రాస్తున్నాను.

ప్లాను అంటే ఇంటిని పైనుంచి చూసిన బొమ్మ అని చాలామంది అనుకుంటారు. పైనుంచి చూస్తే కనిపించేది శ్లాబు, పిట్టగోడ, నీళ్ల ట్యాంకు మాత్రమే. నిజానికి ప్లాను ఒక కోత: గచ్చుకు దాదాపు 1.2 మీటర్ల ఎత్తున, కిటికీలు కూడా తెగేలా, ఇంటిని అడ్డంగా కోసి, పై భాగాన్ని తీసి పక్కన పెట్టి, మిగిలినదాన్ని కిందికి చూస్తూ గీసినది. ఈ ఒక్క భావన పట్టుబడితే ప్లానులోని గీతలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. కోతకు తెగిన గోడలను మందమైన గీతలతో గీస్తాము. కోతకు దిగువన కనిపించే మెట్లు, వంటగది గట్టు సన్నని గీతలతో వస్తాయి. కోతకు పైన ఉండిపోయిన అటక, సన్‌షేడ్ వంటివాటిని తునకల గీతతో చూపిస్తాము. పొడవు గీత, పొట్టి గీత మార్చి మార్చి వచ్చే గొలుసు గీత గోడల, స్తంభాల మధ్యరేఖను తెలుపుతుంది. పునాదుల మార్కింగుకు ఆధారం ఆ రేఖే.

అదే కోతను నిలువుగా పెడితే సెక్షన్ అవుతుంది. పునాది లోతు, బేస్‌మెంట్ ఎత్తు, లింటెల్ (తలుపులు, కిటికీల పైన వేసే దిమ్మె) మట్టం, శ్లాబు మందం అందులోనే తెలుస్తాయి. ప్లాను మీద కోత ఎక్కడ పడిందో, కోసినవారు ఏ దిక్కుకు చూస్తున్నారో బాణం గుర్తులతో సూచించాలి. ఆ గుర్తులు లేకపోతే సెక్షన్ ఏ గదికి చెందినదో తేలదు.

ఇక ఎలివేషన్. ఈ మాటకు మన ఊళ్లలో ఇంటి ముందరి అలంకారం అన్న అర్థం స్థిరపడింది, రంగుల త్రీడీ బొమ్మను కూడా అలాగే పిలుస్తున్నారు. డ్రాయింగులో ఎలివేషన్ అంటే ఒక ముఖాన్ని ఎదురుగా, సమాంతర చూపులతో చూసి గీసినది. దూరపు వస్తువు చిన్నదిగా, దగ్గరిది పెద్దదిగా కనబడటం అందులో ఉండదు; అందుకే దానిలో ఎత్తు, వెడల్పు స్కేలు ప్రకారం సరిగ్గా వస్తాయి. ఇంటికి నాలుగు ముఖాలుంటే నాలుగు ఎలివేషన్లు ఉంటాయి. ఒకే వస్తువును ఒకదానికొకటి లంబంగా ఉండే తలాల మీదికి దించి, ఆ బొమ్మలను ఒకే కాగితంపై పరిచే పద్ధతికి శాస్త్రరూపం ఇచ్చినవాడు ఫ్రాన్స్‌కు చెందిన గాస్పార్ మోంజ్. కోటల నిర్మాణానికి ఉపయోగపడిన ఆ విద్యను అక్కడి సైనిక పాఠశాల చాలాకాలం రహస్యంగా ఉంచింది. 1795లో పారిస్‌లో ఆయన పాఠాలు చెప్పాకే అది బయటి లోకానికి అందింది. ఇలా బొమ్మలను పరచడంలో మన దేశంలో అనుసరించే ఫస్ట్ యాంగిల్ పద్ధతిలో పైనుంచి చూసిన బొమ్మ ఎదుటి బొమ్మకు కింద వస్తుంది, అమెరికాలో వాడే థర్డ్ యాంగిల్‌లో పైన వస్తుంది.

స్కేలు దగ్గర జరిగే పొరపాట్లు ఎక్కువ. 1:100 అంటే కాగితం మీది ఒక సెంటీమీటరు స్థలంలో ఒక మీటరు. పాత పద్ధతిలో అంగుళానికి 8 అడుగులని గీసేవారు, అది 1:96. రెండూ దాదాపు ఒకటేనని భావించి 1:96లో గీసిన ప్లానును 1:100 స్కేలుబద్దతో కొలిస్తే 10 అడుగుల గది 10 అడుగుల 5 అంగుళాలుగా తేలుతుంది. కాగితం కుదింపుతో మరో చిక్కు వస్తుంది. మనకు తెలిసిన ఏ4 వరుసలోనే ఉండే ఏ0 కాగితం విస్తీర్ణం ఒక చదరపు మీటరు. దాన్ని సగానికి మడిస్తే ఏ1, మళ్లీ మడిస్తే ఏ2, ఎన్నిసార్లు మడిచినా పొడవు వెడల్పుల నిష్పత్తి మారదు. అందువల్ల ఏ1 మీద 1:100లో గీసినదాన్ని ఏ3కి కుదిస్తే బొమ్మ చెక్కుచెదరదు గానీ, స్కేలు 1:200 అవుతుంది. మూలన రాసిన 1:100 మాత్రం అలాగే ఉండిపోయి అబద్ధం చెబుతుంది. గీతల మందాలు 0.25, 0.35, 0.5, 0.7 మిల్లీమీటర్లుగా పెరగడం వెనుకా ఇదే లెక్క ఉంది: ఏ1లోని 0.5 గీత ఏ2కి కుదించినప్పుడు దాదాపు 0.35కి దిగుతుంది. ఈ పొందిక నాకు ఇప్పటికీ ఆనందం కలిగిస్తుంది. అయితే ఇప్పుడు ప్లాన్లు ఫోన్లలో తిరుగుతున్నాయి కనుక, అంకెలతో పాటు, బొమ్మలో ఒక మీటరు ఎంత పొడవుందో చూపే స్కేలు పట్టీ కూడా గీసి ఉండటం మేలు. బొమ్మను ఎంత కుదిస్తే పట్టీ కూడా అంతే కుదించుకుపోతుంది.

ఏమైనా సరే, కాగితం మీద టేపు పెట్టి కొలవకూడదు, రాసిన అంకెనే తీసుకోవాలి. ఆ అంకె ఎక్కడి నుంచి ఎక్కడికన్నది కొలత గీత చివరలు చెప్పాలి. వరుసగా రాసిన గదుల కొలతలను, గోడల మందాలను కూడితే బయటి మొత్తం కొలత రావాలి. ఉదాహరణకు 9 అంగుళాల గోడ, 10 అడుగుల గది, నాలుగున్నర అంగుళాల గోడ, 12 అడుగుల గది, మళ్లీ 9 అంగుళాల గోడ కలిపితే 23 అడుగుల పదిన్నర అంగుళాలు. బాబాయి ఇంటి ప్లానులో నేను ఈ కూడిక చేసి ఉంటే తొమ్మిది అంగుళాల తేడా అక్కడికక్కడే బయటపడేది.

ఇప్పుడు నేను గీసే ప్రతి ప్లానులో, ఉత్తర దిక్కు గుర్తుకు కింద, మేస్త్రీ కన్ను మొదట పడేచోట ఈ వాక్యం తెలుగులోనే రాస్తున్నాను: గదుల కొలతలన్నీ ఇటుక గోడ లోపలి అంచు నుంచి అంచుకు, ప్లాస్టరింగ్ కలపకుండా.