అక్రింగ్టన్‌లో మూడో సీజన్

ఈ ఆదివారం బయటి పనులేవీ పెట్టుకోలేదు. వంట తొందరగా ముగించుకుని, అక్క కొడుకు ట్యూషన్ నుంచి రాగానే ఇద్దరం లాప్‌టాప్ ముందు కూర్చుని, అక్రింగ్టన్ స్టాన్లీ అనే ఇంగ్లండు ఫుట్‌బాల్ క్లబ్బు మూడో సీజన్‌ను జనవరి నెలాఖరు నుంచి జూలై దాకా నడిపించాము. ఆట ఫుట్‌బాల్ మేనేజర్ 2024. దీని తరువాతి సంచిక విడుదల కాకుండానే రద్దయింది, ఆ పై ఏటిది 2025 నవంబరులో వచ్చింది. అయినా చేతిలో ఉన్న క్లబ్బును ఒక దరికి చేర్చేదాకా పాతదాన్ని వదలదలచుకోలేదు. ఈ ఆటలో బంతిని తన్నేది మనం కాదు. ఎవరిని ఆడించాలి, ఎలా నిలబెట్టాలి, ఎవరికి ఎంత జీతం ఇవ్వాలి, ఎవరిని వదులుకోవాలి అన్నవి తేల్చి, ఆ పైన తొంభై నిమిషాలు చూస్తూ ఉండడమే మన వంతు.

మాంచెస్టర్ సిటీ, లివర్‌పూల్ ఉండగా ఈ క్లబ్బే ఎందుకని అక్క కొడుకు చాలాసార్లు అడిగాడు. ఇంగ్లండులోని లాంకషైర్‌లో అక్రింగ్టన్ ఒక చిన్న పట్టణం. 1888లో ఫుట్‌బాల్ లీగ్ మొదలైనప్పుడు అందులో చేరిన పన్నెండు క్లబ్బుల్లో ఈ ఊరి క్లబ్బు ఒకటి. అది ఎక్కువ కాలం నిలవలేదు. 1891లో పుట్టిన స్టాన్లీ వేరే క్లబ్బు. అప్పులు మోయలేక 1962 మార్చిలో, సీజన్ ఇంకా నడుస్తుండగానే, స్టాన్లీ లీగ్ నుంచి తప్పుకుంటున్నట్టు ఉత్తరం రాసింది. వెంటనే ఆ ఉత్తరాన్ని వెనక్కి తీసుకుంటామని బతిమాలినా లీగ్ ఒప్పుకోలేదు. ఆ స్థానం ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్‌కు దక్కింది. కొన్నేళ్లకు క్లబ్బు మూతపడింది, 1968లో ఊరివాళ్లు మళ్లీ నిలబెట్టారు, కింది మెట్టు నుంచి ఒక్కొక్కటే ఎక్కుతూ 2006లో తిరిగి లీగ్‌లో అడుగుపెట్టింది. ఆ ఏడాదే లీగ్ నుంచి కిందికి జారిన క్లబ్బుల్లో ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్ ఒకటి కావడం నాకు ఎప్పుడు తలచుకున్నా ఒళ్లు గగుర్పొడిచే విషయం. ఇటువంటి గతం ఉన్న క్లబ్బుకు మేనేజర్‌గా కూర్చున్నప్పుడు జీతాల పట్టికలో ప్రతి అంకె బరువుగానే కనిపిస్తుంది. నేను కోరుకున్నదీ అదే. డబ్బుకు కొదవలేని క్లబ్బును నడిపినప్పుడు ఆటగాళ్లు గుర్తుంటారు గాని క్లబ్బు గుర్తుండదని నా అనుభవం.

2023లో ఆట మొదలయ్యేసరికి స్టాన్లీ నాలుగో అంచె అయిన లీగ్ టూలో ఉంటుంది. ఇరవై నాలుగు జట్లు, ఒక్కో జట్టుకు 46 మ్యాచ్‌లు. మొదటి మూడు జట్లు నేరుగా పైకి వెళతాయి, నాలుగు నుంచి ఏడో స్థానం దాకా ఉన్నవి మిగిలిన ఒక్క చోటు కోసం ప్లేఆఫ్ అనే నాకౌట్ పోటీ ఆడతాయి, చివరి రెండు లీగ్‌నే వదిలి వెళతాయి. స్టేడియంలో పట్టేది ఐదు వేల పైచిలుకు మందే కాబట్టి టిక్కెట్ల మీద వచ్చేది స్వల్పం. బోర్డు ఇచ్చిన సొమ్మును కొనుగోళ్లకు ఎంత, వారపు జీతాలకు ఎంత అని ఒకే గీత మీద అటూ ఇటూ జరుపుకోవాలి. మొదటి రెండు సీజన్లలో ఒక్క ఆటగాడిని కూడా డబ్బు పెట్టి కొనలేదు. కాంట్రాక్టు ముగిసి ఖాళీగా ఉన్నవారిని, పెద్ద క్లబ్బుల నుంచి లోన్ మీద, అంటే కొన్నాళ్లకు అరువుగా, వచ్చే కుర్రవాళ్లను, మా అకాడమీ పిల్లలను కలిపి నెట్టుకొచ్చాను. మూడో సీజన్‌లో జనవరి చివరకు ఐదో స్థానంలో ఉన్నామంటే కారణం ఆ అకాడమీయే.

ఈ ఆటలో ఏటా మార్చి ప్రాంతంలో ఇంగ్లండులోని ప్రతి క్లబ్బుకూ కొత్త పిల్లల జట్టు వస్తుంది. వాళ్లు నిజంగా ఎక్కడా లేరు, యంత్రం పేరూ ముఖమూ గుణాలూ కల్పించి ఇచ్చినవాళ్లు. మొదటి ఏడాది అలా వచ్చిన ఒక స్ట్రైకర్‌కు వేగం ఇరవైకి పధ్నాలుగు, పట్టుదల పదిహేడు. బంతిని అదుపు చేయడంలో మాత్రం చాలా మామూలువాడు. రెండేళ్లలో ప్రధాన స్ట్రైకర్ వేసుకునే మా తొమ్మిదో నంబరు చొక్కా వాడిదయింది. పద్దెనిమిదేళ్ల కుర్రవాడు, జనవరికల్లా పదమూడు గోల్స్ కొట్టాడు, జీతం వారానికి తొమ్మిది వందల పౌండ్లు.

ఆటగాళ్ల కొనుగోళ్లకు గడువు ముగిసే జనవరి చివరి రోజును ఆట గంటగంటకూ ఆపి చూపిస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు రెండో అంచె లీగ్‌లోని ఒక పెద్ద క్లబ్బు వాడి కోసం నాలుగు లక్షల పౌండ్లు ఇస్తామంది. అక్క కొడుకు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "పిన్నీ, వాణ్ని అమ్మేస్తే పైకి ఎలా వెళతాం?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. అయితే నేను లెక్కల పుట తెరిచి వాడికి చూపించాను. ఏ మార్పూ లేకుండా నడిస్తే సంవత్సరాంతానికి క్లబ్బు ఎంత లోటులో ఉంటుందో అక్కడ ఎర్ర గీతలో కనిపిస్తోంది. కాదంటే వచ్చే చిక్కులు వేరే ఉన్నాయి. పెద్ద క్లబ్బు పిలుపును అడ్డుకున్నామని తెలిస్తే కుర్రవాడు అలుగుతాడు, వాడి పక్షాన నలుగురు నిలబడతారు, జట్టు గదిలో వాతావరణం చెడుతుంది. పైగా ఏడాదిన్నరలో కాంట్రాక్టు ముగిసేది ఉండనే ఉంది.

అందుకని పొమ్మనలేదు, ఉండమనలేదు, బేరం ఆడాను. సాయంత్రం ఆరు దాటేసరికి అది ఆరున్నర లక్షల పౌండ్ల దగ్గర తెగింది. ముందు ముందు వాళ్లు వాడిని ఎవరికైనా అమ్మితే లాభంలో ఇరవై శాతం మాకు రావాలి. అన్నింటికన్నా ముఖ్యంగా, ఈ సీజన్ ముగిసేదాకా కుర్రవాడు లోన్ మీద మా దగ్గరే ఆడాలి. ఈ మూడో షరతు కోసం నగదులో కొంత వదులుకున్నాను, అవసరమైతే ఇంకొంత కూడా వదులుకునేదాన్ని. చిన్న క్లబ్బును నడిపేవారికి ఆటగాడిని దాచుకునే శక్తి ఉండదు. ఎప్పుడు, ఏ షరతుల మీద పంపాలన్నది మాత్రం వారి చేతిలో ఉంటుంది. దాన్ని పూర్తిగా వాడుకోవడంలోనే ఈ పని రుచి ఉందని నేను గట్టిగా నమ్ముతాను. వచ్చిన డబ్బులో బోర్డు నాకు వదిలినది మూడో వంతు లోపే, మిగిలింది లోటులోకి వెళ్లిపోయింది. వెళ్లవలసిన చోటికే వెళ్లింది.

ఫిబ్రవరి, మార్చి గురించి చెప్పుకోదగ్గది కొంచెమే. వానలకు మైదానం బురదై, నేల మీద చిన్న పాసులతో ఆడే పద్ధతి సాగలేదు. బంతిని త్వరగా ముందుకు పంపమని, కార్నర్ కిక్‌లకు ఎత్తైన డిఫెండర్లను ముందుకు రమ్మని మార్చాను. 2024 సంచికలో ఫ్రీ కిక్‌లకూ కార్నర్లకూ విడిగా ఒక కోచ్‌ను పెట్టుకునే వీలు వచ్చింది. మాకు ఉన్న అతి తక్కువ సిబ్బందిలో ఆ ఒక్కడి జీతం మాత్రం నేనెప్పుడూ తగ్గించలేదు. మార్చిలో మేము గెలిచిన మ్యాచ్‌లలో ఎక్కువ కార్నర్ల మీద గెలిచినవే. ఏప్రిల్‌లో రెండు వరుస ఓటములతో ఆరో స్థానానికి దిగి, అక్కడే ఆగి ప్లేఆఫ్‌లోకి వెళ్లాము.

ఐదో స్థానంలో ఉన్న గ్రిమ్స్‌బీ టౌన్‌తో సెమీఫైనల్. మొదటి మ్యాచ్ మా మైదానంలో 1-1, ఆ ఒక్క గోల్ అమ్ముడుపోయిన కుర్రవాడిదే. రెండోది వాళ్ల బ్లండెల్ పార్క్‌లో. పేరుకు గ్రిమ్స్‌బీ అయినా ఆ మైదానం ఉన్నది పక్క ఊరైన క్లీథార్ప్స్‌లో, సముద్రానికి దగ్గరగా. అరవయ్యో నిమిషానికి మాకు ఒక గోల్ ఆధిక్యం ఉంది. అక్క కొడుకు వెనక్కి తగ్గి కాపాడుకుందామన్నాడు. నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే నలభై ఆరు మ్యాచ్‌లలో మా జట్టు వెనక్కి తగ్గి నిలుపుకున్న ఆధిక్యాలు చాలా తక్కువ. అలాగే ముందుకు ఆడించాను. డెబ్బై ఎనిమిదో నిమిషంలో సమం చేశారు, అదనపు సమయంలో ఇంకొకటి కొట్టారు, 2-1తో గెలిచి ఫైనల్ జరిగే వెంబ్లీకి వాళ్లు వెళ్లారు. ఆ నిర్ణయం ఇప్పటికీ సరైనదేనని అనుకుంటున్నాను. మళ్లీ అదే స్థితి వస్తే అలాగే ఆడిస్తాను. కుర్రవాడు ఆ రాత్రే మా జాబితాలోంచి కొత్త క్లబ్బు జాబితాలోకి వెళ్లిపోయాడు.

అయితే ఇవాళ నన్ను ఎక్కువసేపు ఆపినది ఆ ఓటమి కాదు, దాని తరువాత వచ్చిన పని. జూన్ 30తో కాంట్రాక్టు ముగిసేవారి పట్టికలో పదకొండు పేర్లు ఉన్నాయి. కొనసాగించగలిగింది ఐదుగురిని. మిగిలినవారిలో ఒక సెంటర్ బ్యాక్‌కు, అంటే మధ్యలో కాచే డిఫెండర్‌కు, ముప్పై నాలుగేళ్లు, మొదటి రోజు నుంచి నాతో ఉన్నాడు, కెప్టెన్, జట్టు గదిలో అందరూ మాట వినేవాడు. అతని వేగం పదకొండు నుంచి ఏడుకు పడిపోయింది. అది అంకెల మాటే, నాకు తెలుసు. కానీ లీగ్ టూలో ఒకటి రెండేళ్ల కాంట్రాక్టు మీద ఇల్లు నడుపుకునే నిజమైన మనుషులు వందల్లో ఉన్నారు, ప్రతి మే నెలలో వాళ్లలో చాలామందికి ఇటువంటి మాటే చెబుతారు. ఆ బరువును ఇంత సూటిగా ఎదురుగా పెట్టే ఆట నాకు మరొకటి తెలియదు.

హైదరాబాదులో ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కాలపు ఏర్పాటు ఈ సందర్భంలోనే గుర్తొచ్చింది. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు పోలీసు శాఖ జట్టు. ఆట తగ్గినా ఉద్యోగం పోయేది కాదు. దాని వల్ల మనకు క్లబ్బులు బలంగా పెరగలేదనే వాదన ఉంది, దానిలో కొంత నిజమూ ఉంది. అయినా ముప్పై నాలుగేళ్ల డిఫెండర్ వైపు నుంచి చూస్తే ఆ ఏర్పాటును తేలికగా కొట్టిపారేయలేము.

నా దగ్గర పోలీసు ఉద్యోగం లేదు గాని, అకాడమీలో పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లలకు నేర్పే కోచ్ స్థానం ఖాళీగా ఉంది. వారానికి ఆరు వందల పౌండ్లకు ఆ పని ఇవ్వజూపాను. ఆటగాడిగా ఇంకొక ఏడాది ప్రయత్నిస్తానని మొదట కాదన్నాడు. ఆట తేదీని జూలై రెండో వారానికి తీసుకెళ్లి మళ్లీ అడిగితే, అప్పటికి ఏ క్లబ్బూ పిలవకపోవడంతో ఒప్పుకుని సంతకం చేశాడు. కొత్త సీజన్‌కు జీతాల ఖర్చు బోర్డు పెట్టిన హద్దు కన్నా వారానికి నాలుగు వందల పౌండ్లు తక్కువలో ఉంది. తొమ్మిదో నంబరు చొక్కా ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. అక్క కొడుకు తనకు నచ్చిన ముగ్గురు స్ట్రైకర్ల పేర్లు కాగితం మీద రాసి నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. వారిలో ఇద్దరి జీతం మనకు అందదు, మూడోవాడిని గమనించమని ఆటగాళ్లను చూసి వచ్చే స్కౌట్‌ను పంపాను.