మాల తీశాక వచ్చే శనివారం

కార్తీకం వచ్చిందంటే మా కోనసీమలో బ్రాందీ షాపుల ముందు జనం పలచబడతారు. వచ్చేవాళ్లలో చాలామంది మెడలో మాల పడుతుంది మరి. మాల తీసిన సాయంత్రమే మళ్లీ అక్కడ తేలేవాళ్లూ వీళ్లలోనే ఉంటారు. నేనూ ఆ బాపతేనని ఊళ్లో అందరి లెక్క.

అంబాజీపేట దగ్గర కొబ్బరి వలుపు నా పని. నేలలో పాతిన ఇనుప గునపం మొన మీద కాయ గుచ్చి, మెలితిప్పి పీచు ఊడదీయాలి. చివరికొచ్చేసరికి పొద్దున్నే క్వార్టర్ పడితే గానీ చేతుల వణుకు ఆగేది కాదు. ఆ చేతులతో ఆ మొన దగ్గర ఎంత టెన్షనో వలిచినవాళ్లకే తెలుసు. కళ్లు పచ్చబడ్డాయి, కడుపు ఉబ్బింది. మా ఆవిడ పుట్టింటికి వెళ్లిపోయింది.

మాల వేయమని వెళితే గురుస్వామి నా చేతుల వంక చూశారు. "ముందు డాక్టరు దగ్గరికి పదవయ్యా. మాల ఎక్కడికీ పోదు" అన్నారు. నేను బతికున్నది ఆ మాటవల్లే. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత మతి తప్పి ప్రాణం మీదికీ రావచ్చు. మందుకు అలవాటుపడ్డ మెదడు అది అందక రెచ్చిపోతుందట. ఆసుపత్రిలో మత్తు మాత్రలు రోజురోజుకీ తగ్గిస్తూ ఇచ్చారు, బి1 విటమిన్ ఇంజెక్షన్లు చేశారు. ఒక రాత్రి దుప్పటి మీద చీమలని తెగ దులిపాను. అక్కడేమీ లేవని నర్సమ్మ ఎంత చెప్పినా నమ్మలేదు. దీక్ష పట్టి హఠాత్తుగా మానేసే స్వాములకు ఈ సంగతి ఎవరైనా ముందే చెప్పాలి. శరణుఘోషకు ఫిట్స్ ఆగవు.

డాక్టరు సరేనన్నాకే మాల వేశారు. 41 రోజుల మండలం. తెల్లారకముందే చన్నీళ్లు, నేల మీద పడక, మధ్యాహ్నం భిక్ష, సాయంత్రం భజన. మాల ఉన్నవాడికి ఎవడూ గ్లాసు అందించడు. నోరు తెరిచి వద్దనే అవసరమే రాలేదు. "తాగుబోతు సచ్చినోడా" అన్న నోళ్లే "స్వామీ, భిక్షకి రండి" అంటుంటే సిగ్గేసేది, ఆశ కూడా పుట్టేది.

ఇది అయ్యప్ప ఒక్కడి మహిమేనని నేననను. మా వైపు చర్చిలో సాక్ష్యం చెప్పి మానేసినవాళ్లున్నారు. 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ల పన్నెండు మెట్లలోనూ దేవుడున్నాడని డాక్టరు గారు చెప్పారు, కాకపోతే ఎవరికి అర్థమైన దేవుడు వాళ్లకి. నాకు తెలిసి అన్నిచోట్లా దొరికేది ఒకటే, పొద్దుగూకేవేళ కూర్చోడానికి షాపు కాక ఇంకో చోటు.

అసలు కష్టం మాల తీశాక. మాకు శనివారం బట్వాడా. డబ్బు పడగానే కాళ్లు వాటంతటవే షాపు వైపు నడుస్తాయి. వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు మొక్కుకోమన్నారు గురుస్వామి. ఆత్రేయపురం వైపు వెళ్లి, ఆ జనంలో ఏడు ప్రదక్షిణలు చేసి ఇల్లు చేరేసరికి బట్వాడా ముగిసేది.

"ఏడూ అయిపోతే?" అని అడిగాను.

"మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టండి స్వామీ. ఆయనేమన్నా లెక్క అడుగుతాడా?" అన్నారు. మాల తీసినా ఆయన నన్నలాగే పిలుస్తారు.

మా ఆవిడ తిరిగొచ్చింది గానీ పూర్తిగా నమ్మినట్టు లేదు. బట్వాడా తనే వెళ్లి తీసుకుంటోంది. లివర్ పరీక్షకు వచ్చే నెల మళ్లీ కాకినాడ రమ్మన్నారు.