బోరు వేయకముందే లీచేట్ జాడ

హైదరాబాద్ చెత్త చేరే జవహర్‌నగర్ డంప్ యార్డ్ వైపు ఎప్పుడైనా వెళ్లారా? కంపు సంగతి సరే, నాకు భయమేసేది నేల కింద జరిగేదాన్ని తలుచుకుంటేనే. వాన పడ్డప్పుడల్లా కుప్పలోంచి కారిన నల్లటి మురికినీరు, అంటే లీచేట్, పక్కనున్న మల్కారం చెరువును పాడుచేసింది, అది అందరికీ కనబడేదే, కానీ రాతి పగుళ్లలో పడి ఎటు పోయిందో ఎవరికి కనబడుతుంది?

అక్కడే రెసిస్టివిటీ సర్వే, అంటే నేల కరెంటును ఎంత అడ్డుకుంటుందో కొలిచే పద్ధతి, పనికొస్తుంది. నాలుగు ఇనుప కడ్డీలు వరసగా నేలలో దిగ్గొట్టి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి చూస్తారు, కడ్డీల మధ్య దూరం పెంచేకొద్దీ ఇంకా లోతు సంగతి తెలుస్తుంది. పగుళ్లు లేని మన గ్రానైట్ వేల ఓమ్ మీటర్లు (ఆ అడ్డుకు కొలమానం) చూపిస్తుంది. లవణాలు నిండి కరెంటును తేలిగ్గా పోనిచ్చే లీచేట్ చేరిన చోట పదుల్లోకి, ఒక్కోసారి 10 లోపుకీ పడిపోతుంది. నేల బాగా ఎండిపోయి కరెంటు సరిగా దిగకపోతే కడ్డీ మొదట్లో ఉప్పునీళ్లు పోస్తారు (మొదటిసారి చూసి నవ్వుకున్నాను).

ఒక తిరకాసు ఉంది. తడి బంకమట్టి కూడా ఇలాంటి అంకెలే చూపిస్తుంది. అందుకే సర్వే మ్యాపు చూడగానే టెన్షన్ పడకుండా, దిగువన ఉన్న బోరు నీళ్లకు టీడీఎస్ (నీళ్లలో కరిగిన పదార్థాల మొత్తం), క్లోరైడ్ పరీక్షలు చేయించాలి, అదీ ఎండాకాలం ఒకసారి, వానలయ్యాక ఒకసారి.