వాడి గొంతు మారిన ఏడాది

మా ముందుగదిలో శ్రుతిపెట్టె, అంటే పాటకి ఆధారమైన స్వరం వినిపించే పెట్టె, ఏళ్ల తరబడి ఐదు మీద నుంచి కదల్లేదు. అంకె తగ్గేకొద్దీ శ్రుతి కిందికి దిగుతుంది. నా శ్రుతి ఐదు. నా దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకోడానికి వచ్చేది ఎక్కువగా ఆడపిల్లలే, వాళ్లకీ ఐదో, ఐదున్నరో సరిపోయేది. చిన్న మగపిల్లలు కూడా వాళ్లతో కలిసి అదే శ్రుతిలో హాయిగా పాడేవాళ్లు. పదేళ్లప్పుడు కళ్లు మూసుకుని వింటే ఏది అబ్బాయి గొంతో ఏది అమ్మాయి గొంతో పోల్చుకోలేం. పోల్చుకునే రోజు వచ్చినప్పుడు ఏం చెయ్యాలో నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

దానివల్ల ఒక పిల్లాడు నష్టపోయాడు. విజయనగరంలో పాఠాలు మొదలుపెట్టిన నాలుగో ఏడాది అది. వాడు మొదట్లో నేర్పే మలహరి గీతాలు దాటి, వాటికంటే పెద్దదైన మోహన వర్ణం చరణంలోకి వచ్చాడు. పదమూడేళ్లు. ఒక సాయంత్రం తారషడ్జం (పై స) దగ్గర గొంతు చీలిపోయింది. పక్కనున్న పిల్లలు నవ్వారు. "సాధన తగ్గింది, గొంతు విప్పి పాడరా" అన్నాను నేను. మర్నాడూ అదే మాట, ఆ మర్నాడూ అదే. మిరియాల పాలు తాగించమని వాళ్లమ్మకి చెప్పాను, కరక్కాయ బుగ్గన పెట్టుకోమని వాడికి చెప్పాను. దసరా సెలవులకి వెళ్లినవాడు మళ్లీ రాలేదు.

చాలా ఏళ్ల తర్వాత పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజు జనంలో ఎదురుపడి కాళ్లకి దణ్ణం పెట్టాడు. భుజం మీద కూతురు. "పాడుతున్నావా నాన్నా?" అన్నాను. "లేదు టీచర్, నా గొంతు పాడైపోయింది కదా" అన్నాడు. పాడైందని వాడు అన్నేళ్లూ నమ్మాడు! పాడవలేదురా, అప్పుడు పెరిగింది, నాకే తెలియలేదు అని ఆ గోలలో చెవి దగ్గరగా చెప్పాను. ఎంత వినపడిందో.

వాడు అలా ఎదురుపడిన మరుసటి ఏడాదే ఇంకో అబ్బాయి అదే మెట్టు మీదికి వచ్చాడు. ఈసారి వాళ్లమ్మే ముందు వచ్చింది. "మేడంగారండీ, మావోడు ఇంట్లో నోరు విప్పట్లేదండి. పాటకే కాదు, మాటకీను." నా దగ్గర కూడా వాడు తారస్థాయి వచ్చేసరికి దొంగగొంతుతో నెట్టుకొస్తున్నాడు. బొంగురు మూడు వారాలు దాటింది కదా అని ముందు ముగ్గురం ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన లోపల చూసి, జబ్బేమీ లేదు, స్వరతంత్రులు పొడవు పెరిగి మందమవుతున్నాయి, అరవనివ్వకండి, నీళ్లు బాగా తాగించండి అన్నారు. మగపిల్లల గొంతు ఈ వయసులో ఇంచుమించు ఒక స్థాయి (స నుంచి పై స దాకా ఉన్నంత) కిందికి దిగుతుందని ఆయన చెబుతుంటే నాకు ముందటి పిల్లాడి ముఖమే కనిపించింది. స్థాయి కిందికి దిగుతున్న గొంతుని పట్టుకుని నేను పైకి లాగాను.

ఆ సాయంత్రమే శ్రుతిపెట్టె మీద చెయ్యి వేశాను. ఐదు నుంచి నాలుగు. నెల తిరక్కుండా మూడు. వర్ణాలు పక్కన పెట్టేశాం. మాయామాళవగౌళలో సరళీవరసలకి వెనక్కి వెళ్లాం, అదీ మెల్లగా సాగే మొదటి కాలంలోనే. వాడికి చిన్నతనం అనిపించింది. "మళ్లీ సరిగమలా టీచర్?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పాఠం కొత్తది కాదు గానీ గొంతు కొత్తది నాన్నా, దానికింకా సరిగమలు రావు అన్నాను. ఆ రోజుల్లో వాడికి తిన్నగా పలికినవి ఐదు స్వరాలు. ఆ ఐదింటిలోనే 'ఆ' అంటూ అకారం, తర్వాత నోరు మూసి పది నిమిషాలు మంద్రంగా కూనిరాగం. చీలిన చోట ఆగిపోవాలి, గొంతు సకిలించకూడదు, మళ్లీ ఎక్కడానికి చూడకూడదు. ఈ నియమాలు పెట్టడం సులువే. నేను నోరు మూసుకుని కూర్చోవడమే కష్టమైంది. శిష్యుడు అపశ్రుతి పలికితే దిద్దకుండా ఉండటం నాకు అలవాటు లేదు.

గొంతుకి పని తగ్గిన మిగతా గంటంతా చేతులకి అప్పజెప్పాను. ధ్రువతాళం 14 అక్షరాల (తాళపు లెక్కల) నుంచి ఏకతాళం 4 వరకు ఏడు తాళాల అలంకారాలూ (స్వరాల వరసలు) గొంతెత్తకుండా, మూడు కాలాల్లో, తాళం వేస్తూ మనసులో పాడుకోవడం. విన్న గీతానికి స్వరం రాయడం. లయలో వాడు ఆడపిల్లలందరినీ దాటిపోయాడు. వాణ్ణి నిలబెట్టింది అదే అనుకుంటాను, ఎందుకంటే క్లాసులో మళ్లీ వాడి మాట చెల్లింది.

శ్రుతి రెండు దగ్గర చాలా నెలలు ఆగాం. తర్వాతి వేసవికి ఒకటి దగ్గర గొంతు కుదురుకుంది. అప్పుడు ఇంకో చిక్కు. ఒకటి శ్రుతిలో నేను చూపించాలంటే వాడికంటే ఒక స్థాయి పైన పాడాలి. అది విని వాడు నా వెంట పైకి ఎగబాకేవాడు. తంబూరాలో షడ్జం వినిపించి, నా మామూలు ఐదు శ్రుతి షడ్జం పాడి, "ఇది నీకేంటో చెప్పు" అన్నాను. కాసేపు విని, మెల్లగా కిందినుంచి స రి గ మ అనుకుంటూ వచ్చి, "పంచమం టీచర్!" అన్నాడు. నా షడ్జమే వాడి పంచమం, అంటే నా 'స' వాడికి 'ప'. ఆ రోజు నుంచి నా గొంతుని ఎక్కడ కలుసుకోవాలో వాడికి తెలిసిపోయింది.

ఇప్పుడు మగపిల్లాడికి పదకొండు నిండగానే తల్లిదండ్రులిద్దర్నీ పిలిచి కూర్చోబెట్టి ఇదంతా చెబుతాను, పిల్లాడి ముందే. నవ్వితే ఊరుకోనని క్లాసులో మిగతావాళ్లకీ చెబుతాను. ఆడపిల్లల గొంతూ ఆ వయసులో కొంత మారుతుంది, కొన్నాళ్లు గాలి ఎక్కువ వినిపిస్తుంది. అదీ ఇప్పుడిప్పుడే గమనిస్తున్నాను.

ఆ రెండో అబ్బాయి మా ఊరి మహారాజా సంగీత కళాశాలలో చేరాడు. 1919లో మొదలైన ఆ కాలేజీకి తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు కావడంతో వాళ్ల తాతగారి ఆనందానికి హద్దు లేదు. వాడి మంద్రపంచమం (కింది స్థాయి ప) ఇంకా గట్టిపడాలి. ఆదివారాలు పొద్దున్నే వస్తాడు, శ్రుతిపెట్టె వాడే ఒకటికి తిప్పుకుంటాడు. వచ్చే వారం అటతాళ వర్ణం మొదలుపెడుతున్నాం.